ముందు జాగ, ఆ తరువాతే ఇల్లు
ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో ఇంటి దర్ఖాస్తుల చరిత్ర

రెవెన్యూ, పంచాయతీరాజ్, గృహనిర్మాణ శాఖల్లో పనిచేసి రిటైరైన మన సభ్యుల చేతుల మీదుగా పేదల ఇంటి దర్ఖాస్తులు లెక్కలేనన్ని నడిచాయి. కొన్ని మంజూరయ్యాయి. కొన్ని "స్థలం లేదు" అన్న రెండు మాటలతో వెనక్కి వెళ్ళాయి. ఆ రెండు మాటలూ యాభై ఏళ్ళుగా ఈ చరిత్రకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఇల్లు లేనివానికి సర్కారు డబ్బు ఇస్తుంది, మంచిదే. కట్టుకునే జాగ ఎక్కడిది? 2016 అక్టోబరులో మన రెండు జిల్లాలు ఎనిమిది జిల్లాలుగా విడిపోయినా, దర్ఖాస్తు ఫారం కాగితం మీది నుంచి కంప్యూటరులోకి వెళ్ళినా, ఆ ప్రశ్న మాత్రం మారలేదు.

నిజం చెప్పాలంటే మొదట్లో ప్రభుత్వం సరైన చోటనే మొదలుపెట్టింది. 1971లో కేంద్రం తెచ్చిన పథకం ఇంటికి కాదు, ఇంటి స్థలానికి. భూమిలేని గ్రామీణ కూలీలకు ఉచితంగా స్థలం ఇవ్వడం దాని ఉద్దేశం. 1974లో అది కనీసావసరాల కార్యక్రమంలో భాగంగా రాష్ట్రాల చేతికి వచ్చింది. 1975 జూలైలో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలోనూ ఇంటి స్థలాలు ఒక ముఖ్యాంశం. ఊరి పక్కన సర్కారీ భూమి ఉంటే సరే, లేకపోతే ప్రైవేటు పట్టా భూమిని సేకరించి ప్లాట్లు చేసేవారు. నేడు మన ఊళ్ళలో పాత కాలనీలుగా కనిపించే వాటిలో చాలా భాగం ఆ కాలపు పట్టాలవే.

ఇందులో ఒక సంగతి ఈ తరం పిల్లలకు తెలియదు. ఆనాడు జీతం ఉన్న పాలేరు గుడిసె తరచుగా దొర భూమిలోనే ఉండేది. పని మానేస్తే గుడిసె కూడా పోయేది. కూలి పెంచమని అడగాలన్నా, వెట్టి చేయనని చెప్పాలన్నా ముందు కాళ్ళ కింద జాగ తనది కావాలి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ రోజుల్లో నాలుగు గజాల ఇంటి స్థలం పట్టా అంటే కేవలం తల దాచుకునే చోటు కాదు, దొర ముందు తల ఎత్తి నిలబడే చోటు. 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు షెడ్యూల్డు కులాలు, తెగల వారితో పాటు విముక్తులైన వెట్టి కూలీలను కూడా మొదటి వరుసలో చేర్చారంటే కారణం ఇదే అయి ఉండాలి.

మరి ఊళ్ళో తాతల నాటి నుంచి ఉంటున్నవారి సంగతి? వారి ఇల్లు ఆబాదిలో ఉంటుంది. కోస్తా వారు గ్రామకంఠం అనేది దీన్నే. వ్యవసాయ భూమికి సర్వే నంబరు, పహాణీ ఉంటాయి గానీ ఆబాదిలో ఒక్కొక్క ఇంటికి అలాంటి కాగితం ఉండదు. పట్వారి ఉన్నంతకాలం "ఫలానా వాడి ఇల్లు ఇదే" అని ఆయన చెబితే చెల్లింది. 1984లో పటేల్, పట్వారి వ్యవస్థ రద్దయ్యాక ఆ నోటి సాక్ష్యమూ పోయింది. ఇక మిగిలింది గ్రామ పంచాయతీ ఇంటి పన్ను రసీదు. ఆ చిన్న కాగితాన్ని మన పెద్దలు ట్రంకు పెట్టెలో పట్టు చీరల కింద ఎందుకు దాచేవారో ఇప్పుడు అర్థమవుతుంది.

డబ్బు కథ వేగంగానే చెప్పవచ్చు. 1970లో హడ్కో, 1979లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడ్డాయి. 1983 తరువాత కూడు, గూడు, గుడ్డ నినాదంతో పక్కా ఇళ్ళ నిర్మాణం ఊపందుకుంది. ఇందిరా ఆవాస్ 1996 జనవరి నుంచి స్వతంత్ర పథకమైంది. అప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి 20,000 రూపాయలు. 2004లో 25,000, 2008లో 35,000, 2010లో 45,000, 2013లో 70,000 అయింది. 2016లో ప్రధానమంత్రి ఆవాస్‌గా మారాక 1,20,000కు చేరింది. ఇల్లు ఇంటి ఆడవారి పేరున గానీ ఇద్దరి పేరున గానీ ఉండాలని, కాంట్రాక్టరు ఉండరాదని పెట్టిన నిబంధనలు నా ఉద్దేశంలో ఆ పథకంలోని మంచి భాగం. అయితే ఈ అంకెలు పెరుగుతూ వచ్చిన కొద్దీ జాగ మాట వెనుకబడింది. స్థలం ఉన్నవారికి డబ్బు ఇవ్వడం ఆఫీసుకు సులువు, కొత్తగా స్థలం వెతకడం కష్టం.

ఆదిలాబాదు ఏజెన్సీలో ఈ చిక్కు మరింత పాతది. నిజాం కాలంలో రిజర్వు అడవికి గీతలు గీసినప్పుడు ఆ గీతల లోపల పడిన గోండు, కోలాము గూడేలు ఉన్నచోటనే పరాయివైపోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణించిన తరువాతనే హైదరాబాదు ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితిగతులు తెలుసుకుంది, ఆ దశాబ్దంలో భూమి పట్టాలు ఇచ్చింది. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులు నేటికీ ఉన్నాయి. కొండ వాలున వెదురు తడికెల ఇళ్ళలో ఉండే కోలాములకు పట్టాలు అందరికీ అందలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కొంత దారి తెరిచింది. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ కింద కోలాము, తోటి వంటి తెగలకు ఇంటికి 2 లక్షలు కేటాయించారు. డబ్బు ఉండి కూడా అటవీ భూమి అన్న మాట దగ్గర ఆగిపోయే ఇళ్ళ గురించి ఆ జిల్లాలో పనిచేసిన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఆడవారిది మరో కథ. 1976 చట్టాల ద్వారా బీడీలపై సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. దాని నుంచే వారికి ఆసుపత్రి, పిల్లలకు స్కాలర్‌షిప్పు, ఇంటి సబ్సిడీ వచ్చేవి. ఆ సబ్సిడీకి గుర్తింపు కార్డు ఉండాల్సి వచ్చేది, స్థలం తన పేరనో భర్త పేరనో ఉండాల్సి వచ్చేది. అత్తగారి పేరున ఉన్న జాగలో కాపురముండే కోడలికి అక్కడే చిక్కు వచ్చేది. 2017లో జీఎస్టీతో ఆ సెస్సు కూడా రద్దయింది.

2006లో ఇందిరమ్మ కార్యక్రమం వచ్చింది. ప్రతి ఊళ్ళో అందరికీ ఇల్లు అన్నారు. ఊళ్ళకు ఊళ్ళే కట్టుకున్న మాట నిజం. కాగితం మీదనే లేచిన ఇళ్ళూ ఉన్నాయన్న ఆరోపణలపై 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. తరువాత 2015లో డబుల్ బెడ్‌రూం పథకం. 560 చదరపు అడుగులు, గ్రామాల్లో ఒక్కో ఇంటికి 5.04 లక్షలు, లబ్ధిదారుడు పైసా పెట్టనక్కరలేదు. జాగ కూడా సర్కారే చూస్తుంది కాబట్టి, 1971 తరువాత మళ్ళీ నిజంగా ఏమీ లేనివాడిని ముందుకు తెచ్చిన పథకం ఇదేనని ఒప్పుకోవాలి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో 1,320 ఇళ్ళ కాలనీని 2021 జూలైలో ప్రారంభించారు. కానీ ఆ ధరకు కట్టే కాంట్రాక్టర్లు చాలాచోట్ల దొరకలేదు. అడిగినవారు ఎక్కువ, ఇళ్ళు తక్కువ కావడంతో పట్టణాల్లో లాటరీ తీయవలసి వచ్చింది.

ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ళ పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. మొత్తం 5 లక్షలు, విడతలుగా. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు ఉండాలి. ప్రజాపాలనలో వచ్చిన దర్ఖాస్తులను సర్వే చేసి మూడు జాబితాలు చేశారు. జాగ ఉండి ఇల్లు లేనివారు ఎల్-1. జాగా ఇల్లూ రెండూ లేనివారు ఎల్-2. మిగిలినవారు ఎల్-3. మొదటి విడత ఎల్-1 వారికే. ఏమీ లేనివాడు రెండో జాబితాలో ఉండడం విడ్డూరంగా తోస్తుంది గానీ, పైన చెప్పిన చరిత్రంతా చదివితే అది ఎలా జరిగిందో తెలుస్తుంది. ఎల్-1లో ఉన్నవారికైనా ముగ్గు పోసి బేస్‌మెంటు లేపిన తరువాతే మొదటి లక్ష వస్తుంది. ఆలోపు సుతారి కూలి, సిమెంటు సొంతానివి. కూలి మీద బతికేవారు అప్పు చేయక తప్పదు.

మన సభ్యులు ఇరుగుపొరుగు వారికి దర్ఖాస్తు రాసిపెట్టేటప్పుడు ఒకటి చూడాలి. ఎల్-2లో పేరున్న ఇంట 1970ల నాటి ఇంటి స్థలం పట్టా తాత పేరున పడి ఉండవచ్చు. తహసీలు కార్యాలయంలో దాని సర్టిఫైడు నకలు అడగండి, వారసుల పేర్లు చేర్చి అర్జీ పెట్టించండి. ఆబాది ఇల్లయితే పాత ఇంటి పన్ను రసీదులు వెతికించండి. కలెక్టరేటులో సోమవారం ప్రజావాణికి వెళితే అర్జీ రసీదు నంబరు రాసుకోవడం మరువవద్దు.