మాంగనీసు

మాంగనీసు పరమాణు సంఖ్య 25 గల పరివర్తన లోహం. వెండి ఛాయ గల బూడిద రంగులో ఇనుములాగే కనిపిస్తుంది, 1246 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గట్టిదే కానీ పెళుసు. దీనితో విడిగా కడ్డీ గానీ రేకు గానీ చేయడం కుదరదు. దీని నల్లని ఆక్సైడును లాస్కో గుహల చిత్రకారులు రంగుగా వాడారు. ఇనుము వల్ల గాజుకు వచ్చే పచ్చదనాన్ని పోగొట్టడానికి గాజు పనివాళ్లు వాడారు. 1774లో స్వీడన్‌లో రసాయనవేత్త షీలే ఈ ఆక్సైడులో కొత్త మూలకం ఉందని గుర్తించగా, అదే ఏడాది గాన్ ఆక్సైడును బొగ్గుతో కాల్చి లోహాన్ని రాబట్టాడు. తర్వాత చాలా ఏళ్లపాటు ఆ లోహంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. అందువల్లనే కాబోలు, ఇప్పటికీ దీన్ని ఇనుముకు తోడుగా వేసే దినుసుగానే లెక్కగడతారు. నిజానికి మాంగనీసు లేకుండా చవకైన ఉక్కు యుగాన్ని ఊహించడం కష్టం.

1856లో ఇంగ్లండ్‌లో బెసెమర్ కరిగిన పోత ఇనుములోకి గాలి ఊది, అందులోని కార్బన్‌ను కాల్చేసే పద్ధతి ప్రకటించాడు. అయితే ఊదిన గాలిలోని ఆక్సిజన్ కొంత లోహంలోనే మిగిలేది. గంధకమూ పోయేది కాదు. ఇనుప సల్ఫైడు స్ఫటికాల అంచుల్లో చేరి, ఉక్కును సాగగొట్టే వేడికే కరిగేది. దాంతో దిమ్మె పగిలిపోయేది. మాంగనీసు ఉన్న స్పీగెల్ ఇనుమును చివర్లో చేర్చడమే దీనికి బ్రిటిష్ లోహశాస్త్రవేత్త మషెట్ చూపిన విరుగుడు. మాంగనీసు ఆక్సిజన్‌ను చిట్టెంలోకి లాగుతుంది, గంధకాన్ని అంత తేలిగ్గా కరగని సల్ఫైడుగా మారుస్తుంది. 1858లో స్వీడన్‌లో యోరాన్సన్ మషెట్ సాయం లేకుండానే మంచి ఉక్కు తీశాడు కదా అని అడగవచ్చు. ఆయన వాడిన ఇనుములో గంధకం, భాస్వరం చాలా తక్కువ. మాంగనీసు సహజంగానే ఉంది. అలాంటి ఖనిజం అన్ని దేశాలకూ లేదు. భాస్వరాన్ని మాత్రం మాంగనీసు తొలగించలేదన్నది ఒప్పుకోవాలి. ఆ చిక్కు 1870లలో థామస్ పద్ధతితో గానీ తీరలేదు. ఇప్పుడు గంధకాన్ని తీయడానికి కాల్షియం, మెగ్నీషియం, ఆక్సిజన్‌ను తీయడానికి అల్యూమినియం ఉన్నాయి. అయినా తవ్విన మాంగనీసులో దాదాపు తొంభై శాతం ఉక్కుకే పోతోంది. కారణం, ఇది మలినాలను పట్టడంతో ఆగక ఉక్కుకు బలాన్నీ ఇస్తుంది. 1882లో హాడ్‌ఫీల్డ్ సుమారు 12 శాతం మాంగనీసుతో చేసిన ఉక్కు, దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడుతుంది. రైలు పట్టాల కూడళ్లలో, రాళ్లు నలిపే యంత్రాల్లో నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఈ గిరాకీయే 1890లలో విజయనగరం ప్రాంతపు గనులను తెరిపించింది. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అక్కడే; అక్కడి కోడూరు గని పేరిట భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఒక శిలకు కోడురైట్ అని పేరు పెట్టాడు. ఇక్కడ పెద్ద ఉక్కు పరిశ్రమ లేని ఆ రోజుల్లో ఖనిజం ఓడలెక్కి విదేశీ కొలుములకు పోయింది. ఉక్కుకు బయట కూడా మాంగనీసుకు పనులున్నాయి: 1866 నాటి లెక్లాంషె బ్యాటరీలో మాంగనీసు డయాక్సైడు ఉందన్నదీ, కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టేది మాంగనీసు పరమాణువుల గుంపేనన్నదీ నిజమే. తవ్వకాల చరిత్రను నడిపింది మాత్రం ఉక్కు. ఆ చరిత్రలో కూలీల ఊపిరినీ లెక్కించాలి. ఈ ఖనిజపు దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవారికి నరాలు దెబ్బతిని నడక తడబడుతుందని గ్లాస్గో వైద్యుడు కూపర్ 1837లోనే, అంటే బెసెమర్ కంటే దాదాపు ఇరవై ఏళ్ల ముందే, రాశాడు.