చిన్న కంపెనీల పన్ను లెక్కల పద్ధతి

వ్యాపార ఆదాయాన్ని ఏ సంవత్సరపు లెక్కలో చూపాలో నిర్ణయించే నియమాల సముదాయం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో దీనికి ఆధారం 145వ సెక్షన్.

రెండు పద్ధతులు: నగదు పద్ధతిలో డబ్బు చేతికి వచ్చినప్పుడే ఆదాయం, చెల్లించినప్పుడే ఖర్చు. మర్కంటైల్ పద్ధతిలో హక్కు, బాధ్యత ఏర్పడినప్పుడే పద్దు రాయాలి. రెండింటినీ కలిపే మిశ్రమ పద్ధతి 1997-98 మదింపు సంవత్సరం నుంచి చెల్లదు.

కంపెనీగా మారితే: కామారెడ్డి జిల్లా పిట్లం వంటి మండల కేంద్రంలో సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తి నగదు పద్ధతి ఎంచుకోవచ్చు, పరిమితికి లోబడి ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షన్ కింద అంచనా లాభంపై పన్ను కట్టవచ్చు. అదే వ్యాపారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఈ రెండు వెసులుబాట్లూ పోతాయి. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం మర్కంటైల్ పద్ధతి, జంట పద్దు విధానం తప్పనిసరి. ఉదాహరణకు, మార్చిలో అరువుకు అమ్మిన బియ్యం సొమ్ము ఏప్రిల్‌లో అందినా, అది మార్చితో ముగిసే సంవత్సరపు ఆదాయమే. రాని డబ్బుకూ పన్ను సిద్ధం చేసుకోవాలి గనుక, ఎదిగే సంస్థ ఈ మార్పును ముందే గ్రహించడం ఎంతో అవసరం.

ఇతర నిబంధనలు: సరుకు నిల్వకు కొన్న ధర, నికర అమ్మకపు విలువల్లో తక్కువదే లెక్క. సూక్ష్మ, చిన్న సంస్థల బకాయిలను గడువులోగా, ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో, తీర్చకపోతే ఆ ఖర్చు చెల్లించిన సంవత్సరంలోనే తగ్గుతుంది. ఇది 2024-25 మదింపు సంవత్సరం నుంచి అమలైంది. టర్నోవర్ కోటి రూపాయలు దాటితే పన్ను ఆడిట్ చేయించాలి. నగదు లావాదేవీలు 5 శాతం మించకపోతే ఆ పరిమితి 10 కోట్లు.

కొత్త చట్టం: 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1.