నాబోతు తోట ఎవరికి దక్కింది? హైదరాబాదు సంస్థానంలో తిరుగుబాటు: కారణాలు, పర్యవసానాలు – ములుగు ప్రాంతం నుండి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ముస్లిం పాలకులున్న దేశంలో విప్లవం అనగానే మన దృష్టి ముందుగా మతం వైపు వెళుతుంది. 1952లో ఈజిప్టులో రాచరికాన్ని కూలదోసిన సైనికాధికారులు అదే సంవత్సరం భూసంస్కరణల చట్టం తెచ్చారన్న సంగతి అంతగా గుర్తుండదు. అంతకు నాలుగేళ్ల ముందు మన ముంగిటే ఒక ముస్లిం ప్రభువు రాజ్యం ముగిసింది. దాన్నీ మనం తరచు మత సంఘర్షణగానే చెప్పుకుంటాం. ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుంది? పాలన మారిన తరువాత భూమి ఎవరి చేతికి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలను 1 రాజులు 21వ అధ్యాయంలోని నాబోతు వృత్తాంతం వెలుగులో పరిశీలిద్దాం.

రాజముద్ర, ఊరి పెద్దలు

నాబోతు ద్రాక్షతోటను కోరింది రాజైన అహాబు. అతని పేరట తాకీదులు వ్రాసి ముద్ర వేయించింది యెజెబెలు. అయితే అబద్ధసాక్షులను నిలబెట్టి నాబోతును చంపించినవారు అతని ఊరి పెద్దలే. పైనున్న ముద్ర, క్రిందనున్న పెద్దరికం రెండూ కలిస్తేనే అన్యాయం నెరవేరుతుంది.

హైదరాబాదు సంస్థానంలోనూ ఈ రెండు అంచెలు కనిపిస్తాయి. 1911 నుండి మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజాముగా పాలించాడు. సంస్థాన భూమిలో సుమారు 40 శాతం జాగీర్లుగాను, నిజాం సొంత ఆస్తియైన సర్ఫెఖాస్‌గాను ఉండేది. మిగిలిన దివానీ ప్రాంతంలో దేశ్‌ముఖులు, పట్వారీలు రికార్డులను చేతిలో పెట్టుకొని సాగుదారుల భూములను తమ పేర వ్రాయించుకున్నారు. తెలంగాణలో వీరిలో అత్యధికులు హిందువులు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 60 గ్రామాల్లో 40,000 ఎకరాలుండేవని ఉద్యమ నాయకులు వ్రాశారు. అతనికి ఎదురు నిలిచి ప్రాణం కోల్పోయిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. పాలకుర్తిలో తన పంటను కాపాడుకున్న ఐలమ్మ చాకలి కులస్థురాలు. వారి శత్రువు ఒక్కడే. దీన్ని మతయుద్ధం అనే వివరణ ఇక్కడే బీటలు వారుతుంది.

దీనికి తోడు వెట్టి. మాదిగలు చెప్పులు, మోట తోళ్లు ఊరికే ఇవ్వాలి. మాలలు దొరల, అధికారుల సామాను మోయాలి. అడవిలో కోయలు అధికారులకు కూలి లేకుండా పనిచేయాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లెవీ ధాన్యం భారం చిన్న రైతుపై పడింది. దొరల గాదెలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

తిరుగుబాటు

1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ మొదట్లో భాష, గ్రంథాలయాలు, పాలనా సంస్కరణలు కోరింది. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది రైతుకూలీల సంఘంగా మారింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు.

ఇదే సమయంలో కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు గ్రామాలపై పడ్డారు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి ప్రజలను కాల్చి చంపారు. అదే నెలలో హైదరాబాదు నగరంలో, భారతదేశంలో విలీనాన్ని సమర్థించిన సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్యకు గురయ్యాడు. రజాకార్ల దౌర్జన్యాన్ని తగ్గించి చెప్పకూడదు. వారిని ఎదిరించిన ముస్లింలనూ మరువకూడదు.

యెజ్రెయేలు రక్తం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత జరిగినది మన పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం కనబడలేదు. పండిత సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం పోలీసు చర్య సమయంలోను, ఆ తరువాతను 27,000 నుండి 40,000 మంది చనిపోయారు. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో నష్టం ఎక్కువ. ఈ నివేదిక 2013లో గాని సామాన్య పాఠకులకు అందలేదు.

అహాబు వంశాన్ని నిర్మూలించడానికి యెహూ ప్రవక్త మాట చొప్పుననే అభిషేకం పొందాడు. అయినా యెజ్రెయేలులో చిందిన రక్తాన్ని గూర్చి యెహూ ఇంటివారిని శిక్షిస్తానని దేవుడు హోషేయ ద్వారా ప్రకటించాడు (హోషేయ 1:4). దుష్టపాలన అంతం కావడం న్యాయమే. కాని ఆ న్యాయం పేర చిందిన నిరపరాధి రక్తాన్ని దేవుడు లెక్కలో వ్రాయకుండా విడువడు.

ములుగు అడవిలో

సైన్యం వచ్చాక మైదాన గ్రామాలకు దొరలు తిరిగి వచ్చారు. దళాలు పంచిన భూమి చాలాచోట్ల రైతు చేయి జారింది. సాయుధ దళాలు గోదావరి అడవులకు, అంటే ములుగు, నర్సంపేట, ఇల్లెందు ప్రాంతాలకు తరలాయి. దళాలకు తిండి దొరకకూడదని ప్రభుత్వం కోయ గూడేలను ఖాళీ చేయించి ప్రజలను శిబిరాల్లో చేర్చింది. ఏ భూస్వామి గడీనీ ఎరుగని గూడెం కూడా ఈ యుద్ధంలో మూల్యం చెల్లించింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించబడింది.

చట్టాలు వచ్చాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు 100 ఎకరాలు దానంగా లభించాయి. నిజాం మాత్రం 1956 వరకు రాజప్రముఖ్‌గా గౌరవం పొందాడు. ములుగు ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1970లో 1/70 నిబంధన కట్టుదిట్టం చేసింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2019లో ములుగు జిల్లా ఏర్పడింది. అయినా పట్టా కోసం, పోడు హక్కు కోసం కోయ కుటుంబాల తిరుగుడు ముగియలేదు.

సంఘానికి దక్కినది

దోర్నకల్ అధ్యక్ష ఖండంలో బిషప్ అజరయ్య కాలంలో (1912–1945) సంఘంలో చేరినవారు అధికంగా మాల మాదిగలే. వెట్టి మోసినదీ వారే. వెట్టి పోయింది గాని, 1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులను షెడ్యూల్డు కులాల జాబితా నుండి మినహాయించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరుచుకుంది. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇంకా వెలుపలనే ఉన్నారు. ఈ విషయంలో ఆ ఇద్దరి ఫిర్యాదు ఒక్కటే.

ముగింపు

అహాబు పోయాడు, యెహూ వచ్చాడు. తోట నాబోతు వారసులకు తిరిగి దక్కిందని మాత్రం గ్రంథం ఎక్కడా చెప్పదు. అతని కుమారుల రక్తం కూడా చిందిందని 2 రాజులు 9:26 సూచిస్తున్నది. సింహాసనం మారినంత మాత్రాన స్వాస్థ్యం తిరిగి రాదు. లేవీయకాండము 25 కోరే సునాద సంవత్సరం మాత్రం ఎవరి భూమి వారికి చేరిందా అని అడుగుతుంది. మన సంఘాలు మూడు పనులు చేయవచ్చు. వెట్టి, శిబిరాలు ఎరిగిన కుటుంబాల్లో మిగిలిన జ్ఞాపకాలను వ్రాసి భద్రపరచాలి. 1948 మృతులను మతం చూడక ప్రార్థనలో స్మరించాలి. కోయ గూడెంలో పట్టా కోసం నిలబడిన కుటుంబానికి తోడుగా కచేరి మెట్లెక్కాలి. ఈ మూడవది చేయనినాడు నాబోతును గూర్చిన మన ప్రసంగం సగంలోనే ఆగిపోతుంది.