వాలంటీర్ పని వెట్టి కాకూడదు: వాడలో యువ నాయకత్వ శిక్షణ నడిపే తీరు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో తొర్రూరు దాటినంక, మరిపెడ రాకముందు దంతాలపల్లి వస్తుంది. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైంది. ఈ దారి పొడుగునా ఏ ఊరి దళితవాడకు పోయినా అంబేద్కర్ యువజన సంఘం పేరు ఏదో ఒక గోడ మీద కనిపిస్తుంది. ఏప్రిల్ 14న జయంతి, డిసెంబర్ 6న వర్ధంతి. ఆ రెండు రోజులూ విగ్రహం గద్దె కడిగేది, చందాలు పోగుచేసేది, మైకు తెచ్చేది నలుగురైదుగురు యువకులే. మిగిలిన రోజుల్లో వాళ్లకు సంఘం ఏం నేర్పుతోంది, వాళ్ల శ్రమకు ఏం లెక్క కడుతోంది అన్నదే మా ప్రశ్న.

యువ నాయకత్వ శిక్షణ గురించి రాసేవాళ్లు సాధారణంగా పాఠ్యాంశాల దగ్గర మొదలుపెడతారు. మేము దాన్ని నడిపే వాలంటీర్ల దగ్గర మొదలుపెడుతున్నాం. ఎందుకంటే వాడలో శిక్షణ ఆగిపోయేది పాఠం లేక కాదు, నడిపేవాళ్లు అలసిపోయి.

మనకంటే ముందు నడిపినవాళ్లు

తెలంగాణలో ఈ పనికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి పెట్టారు. హరికథల ద్వారా వాడల జనాన్ని కూడగట్టి, చదువు అవసరం చెప్పారు. 1911లో మాన్య సంఘం ఏర్పడింది. ఆదిహిందూ పిల్లల కోసం బడులు తెరిచారు. అంటువ్యాధులు ప్రబలినప్పుడు ఆ ఉద్యమ వాలంటీర్లు రోగులకు సేవ చేశారు. బడి, భజన, సేవ అన్నీ ఒకే చోట నడవడంతో యువకులు పని చేస్తూనే నాయకత్వం నేర్చుకున్నారు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 జూలైలో బొంబాయిలో రాజకీయాల్లోకి వచ్చేవారి కోసం ఒక శిక్షణ పాఠశాల తెరిచారు. మొదటి జట్టులో 15 మంది విద్యార్థులు. ఆ డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. 1957 మార్చికల్లా పాఠశాల మూతపడింది. దళిత నాయకత్వ శిక్షణ చరిత్రలో మేము ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం ఇదే అనుకుంటాం. గురువు ఎంత గొప్పవారైనా, తర్వాత నడిపేవాళ్లను తయారుచేసుకునేంత సమయం దొరకకపోతే బడి నిలవదు.

మన కాలంలో అందరికీ తెలిసిన ప్రయత్నం స్వేరోస్. ఆర్‌.ఎస్‌. ప్రవీణ్ కుమార్ 2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి అయ్యాక పూర్వ విద్యార్థుల బలంతో ఇది విస్తరించింది. పిల్లలు రోజూ పలికే పది సూత్రాలు, మార్చి 15 నుంచి ఏప్రిల్ 14 వరకు భీమ్ దీక్ష, వేసవి శిబిరాలు దీని గుర్తులు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఈ బడుల పేరు దేశమంతా వినబడింది. మాకు అంతకంటే ముఖ్యంగా తోచేది 2020 లాక్‌డౌన్ నాటి పని. బడులు మూతపడితే గురుకుల విద్యార్థులు తమ ఊళ్లలోనే అరుగుల మీద, చెట్ల కింద చిన్నపిల్లలకు పాఠాలు చెప్పారు. నిన్న నేర్చుకున్నవాళ్లు ఇవాళ నేర్పడమే నాయకత్వ శిక్షణకు అసలు కొలత. 2021లో ప్రవీణ్ కుమార్ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వెళ్లారు. ఏ కార్యక్రమమైనా ఒక వ్యక్తి పేరుతో ముడిపడితే, ఆ వ్యక్తి దారి మారిన రోజున అది తన కాళ్ల మీద తాను నిలబడగలదా అన్న ప్రశ్న వస్తుంది.

'స్వచ్ఛందం' అనే మాటకు మన దగ్గర బరువు ఎక్కువ

నిజాం కాలంలో ఈ ప్రాంతపు మాల, మాదిగ కుటుంబాలు దొరకు, పటేల్‌కు, పట్వారీకి కూలి లేకుండా పని చేశాయి. కబురు మోశాయి, డప్పు కొట్టాయి, చెప్పులు కుట్టి ఇచ్చాయి. దాన్ని వెట్టి అన్నారు. దేశంలో వెట్టిచాకిరి నిషేధ చట్టం వచ్చింది 1976లో. అంటే ఇప్పటి వాలంటీర్ల తాతల జ్ఞాపకంలో అది ఇంకా ఉంది.

కాబట్టి కూలి చేసుకుని చదువుకునే పిల్లవాడితో 'సేవ చేయి' అన్నప్పుడు ఆ మాట ఒక అధికారి ఇంటి పిల్లవాడికి వినిపించినట్టు వినిపించదు. ఒక రోజు శిబిరం అంటే ఒక రోజు కూలి పోయినట్టు. మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు ఒక సంస్థ శిబిరంలో వారం రోజులు పనిచేశాం. చివరి రోజు శాలువా కప్పారు, సర్టిఫికెట్ ఇచ్చారు, బస్సు కిరాయి మాత్రం ఇవ్వలేదు. మాతో వచ్చిన ఇద్దరు మళ్లీ ఏ శిబిరానికీ రాలేదు. వాళ్లకు ఆసక్తి లేదని నిర్వాహకులు రాసుకున్నారు.

దీనికి భిన్నమైన నమూనా మన తెలుగు నేల మీదే ఉంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. 2009లో దానికి ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీ కుటుంబాల యువతీయువకులకు రికార్డులు చదవడం, ఇంటింటికీ తిరిగి సరిచూడడం, మండల ప్రజావేదికలో అధికారుల ముందు వివరాలు చెప్పడం నేర్పారు. సొంత ఊరిని కాకుండా వేరే ఊరిని తనిఖీ చేయించారు. పని చేసిన రోజులకు భత్యం ఇచ్చారు. మస్టర్ రోల్‌లో పేరుగా మాత్రమే ఉన్న ఇంటి పిల్లలు మస్టర్ రోల్‌నే ప్రశ్నించే స్థాయికి వచ్చారు. ఇందులో శిక్షణ, గౌరవం, భత్యం మూడూ కలిసే ఉన్నాయి.

నడిపే పద్ధతి

ఒక మండలంలో పది పన్నెండు వాడలతో మొదలుపెట్టాలనుకునే సంఘానికి ఈ కింది ఏర్పాట్లు పనికొస్తాయని మా అవగాహన.

*ఎంపిక:* వాడకు ఇద్దరు. ఒకరు తప్పనిసరిగా అమ్మాయి. బాగా మాట్లాడేవాళ్లనే ఏరుకుంటే ఇప్పటికే నాయకులైనవాళ్లే మళ్లీ వస్తారు. పదో తరగతి దగ్గర చదువు ఆగినవాళ్లకు, పెళ్లయిన యువతులకు చోటు ఉండాలి. మాల, మాదిగ, ఉపకులాల వాడలన్నిటి నుంచీ పిల్లలు వస్తున్నారా అని ఏటా సరిచూసుకోవాలి.

*ఒప్పుకోలు:* ఏ పని, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని నెలలు అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. కళాశాలల్లో జాతీయ సేవా పథకం విద్యార్థికి ఏడాదికి 120 గంటలు అని లెక్క కట్టింది. వాడ వాలంటీర్‌కూ అలాంటి హద్దు ఉండాలి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలంటే అది మళ్లీ కబురు మోసే పనే.

*ఖర్చు:* బస్సు కిరాయి, భోజనం, ఫోన్ రీచార్జి ముందే ఇవ్వాలి. జేబులోంచి పెట్టుకుని తర్వాత బిల్లు ఇమ్మంటే డబ్బున్నవాళ్లే మిగులుతారు. రోజంతా శిబిరమైతే ఆ ఊరి కూలి రేటుకు తగ్గకుండా భత్యం ఇవ్వాలి. అంత చందా రాకపోతే శిబిరం ఒక్క పూటకు కుదించుకోవడం మేలు. జమాఖర్చులు నెలనెలా వాడ మధ్యలో చదివి వినిపించాలి. లెక్క చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

*కాలం:* పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోసే రోజుల్లో పగటి శిబిరం పెడితే ఎవరూ రారు. వచ్చినా ఇంట్లో తిట్లు తిని వస్తారు. ఆ నెలల్లో వారానికొకసారి రాత్రి గంటసేపు కూర్చుంటే చాలు. పెద్ద శిబిరాలు పరీక్షలు, కోతలు అయిపోయాక ఎండాకాలంలో పెట్టుకోవాలి.

*పాఠం:* ఉపన్యాసం కంటే చేతిపని ఎక్కువ నేర్పుతుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. దానికి వెళ్లి ఎస్సీ వాడ డ్రైనేజీ మీద అడగడం ఒక పాఠం. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. ఒక దరఖాస్తు రాసి, రశీదు తీసుకుని, గడువు లెక్కపెట్టుకోవడం ఇంకో పాఠం. 2017 నాటి ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఏం చెబుతోందో చదివి, తమ ఊళ్లో ఏం ఖర్చయిందో అడగడం తర్వాతి మెట్టు. అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఇస్తే ప్రాథమిక విచారణ పేరు చెప్పకుండా కేసు నమోదు చేయాలని 2018 సవరణ చెబుతోంది. స్టేషన్‌కు బాధితులతో కలిసి పోయేటప్పుడు ఈ మాట తెలిసి ఉండాలి. ఆ పనికి మాత్రం కొత్త వాలంటీర్‌ను ఒంటరిగా పంపకూడదు. అనుభవమున్న కార్యకర్త, న్యాయవాది తోడుండాలి. సంఘం కోసం నిలబడి కేసుల్లో ఇరుక్కున్న పిల్లవాణ్ని సంఘం వదిలేస్తే, ఆ వాడ నుంచి మరో తరం రాదు.

*భద్రత:* అమ్మాయిలు పాల్గొనే శిబిరం చీకటి పడకముందే ముగియాలి, లేదా ఇంటిదాకా దిగబెట్టే ఏర్పాటు ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలతో ఒక్క పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు. ఫిర్యాదు వినేవాళ్లలో బయటి మహిళ ఒకరుండాలి. 1098 నంబరు శిబిరం గోడ మీద కనిపించాలి. ఫిర్యాదు వస్తే 'మన పరువు పోతుంది' అని కప్పిపెట్టడం మనం ఎదిరించే ఊరి పెద్దల పద్ధతే.

బాధ్యత చేతులు మారాలి

కార్యక్రమం బాగా నడుస్తోందో లేదో ఎంతమంది వచ్చారన్న లెక్క చెప్పదు. మొదటి ఏడాది నేర్చుకున్నవాళ్లలో ఎంతమంది రెండో ఏడాది నేర్పుతున్నారు, మూడో ఏడాది ఎంతమంది నిర్వాహక కమిటీలో కూర్చుని బ్యాంకు చెక్కు మీద సంతకం పెడుతున్నారు అన్నది అడగాలి. కన్వీనర్‌కు రెండేళ్ల గడువు పెట్టుకోవాలి. గడువు తీరినవాళ్లు సలహాదారుగా ఉండొచ్చు, మైకు మాత్రం వదలాలి. సంఘాల్లో చాలా గొడవలు సిద్ధాంతం దగ్గర కాదు, ఈ మైకు దగ్గరే మొదలవుతాయి.

21 ఏళ్లు నిండినవారు గ్రామ పంచాయతీ ఎన్నికల్లో నిలబడవచ్చు. వార్డు సభ్యురాలిగా గెలిచిన దళిత యువతి బదులు భర్తో, ఊరి పెద్దో మాట్లాడే చోట్ల ఈ శిక్షణ విలువ తెలుస్తుంది. రికార్డు చదివిన అనుభవం, ప్రజావేదికలో మాట్లాడిన అనుభవం, జమాఖర్చు చెప్పిన అనుభవం ఉన్న అమ్మాయి కుర్చీలో తానే కూర్చుంటుంది.

జయంతి నాడు గద్దె కడిగే ఆ నలుగురైదుగురు మన దగ్గర ఇప్పటికే ఉన్నారు. ఈ ఏప్రిల్ 14న దండ వేసి జై భీమ్ అన్నాక, వాళ్లను కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగమని సంఘాల పెద్దలకు మా మనవి. నిరుడు మీ జేబులోంచి ఎంత ఖర్చయింది? వచ్చే ఏడాది ఈ సంఘాన్ని నడపడానికి మీకేం కావాలి?