కాలికీ కార్బొరేటర్‌కీ మధ్య

ఇంకో రెండు కట్టెలు ఎగదోసి ఇలా దగ్గరగా కూర్చోండర్రా. పెద్దాడు పొద్దుటినుంచీ ఆ 1966 జీటీవో బేరం గురించే అడుగుతున్నాడు. ఇంజను అసలుదేనట, సీట్లు అసలువేనట, రంగు కూడా కంపెనీ రంగేనట. ఫోన్లో ఫోటోలన్నీ చూశాను. బానే ఉంది. నేనడిగేది ఒక్కటే. కాలికింద పెడలుకీ, ఇంజను మీద కూర్చున్న ఆ మూడు కార్బొరేటర్లకీ మధ్య రాడ్లు, బ్రాకెట్లు, స్ప్రింగులు ఉండాలి కదా, అవేవిరా?

నవ్వకండి. అప్పుడూ అందరూ ఇలాగే నవ్వేవాళ్లు. అందుకే ఇవాళ ఆ సామాను దొరకడం లేదు.

నేను డెట్రాయిట్‌లో దిగింది 1970లో. 1965లో ఇక్కడి వలస చట్టం మార్చాక మనవాళ్లు, ముఖ్యంగా ఇంజనీర్లూ డాక్టర్లూ, ఒక్కొక్కరే రావడం మొదలైంది. చదువు ముగించి సరైన ఉద్యోగం దొరికేలోగా వుడ్‌వార్డ్ అవెన్యూకి దగ్గర్లో ఒక గారేజీలో పనిచేశాను. ఆ రోడ్డు డెట్రాయిట్ నడిబొడ్డున మొదలై పాంటియాక్ ఊరిదాకా పోతుంది. శనివారం రాత్రయితే కుర్రాళ్లు ఒక సిగ్నలు నుంచి ఇంకో సిగ్నలుకి పందాలు. కార్ల కంపెనీల ఇంజనీర్లు కూడా తమ బండ్లు తెచ్చి ఆ గుంపులో కలిసేవాళ్లు. ఇప్పుడు ఆగస్టులో అదే రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది చూడండి, అది 1995లో మొదలైంది. మా రోజుల్లో ఊరేగింపు లేదు, పోలీసులే ఉండేవాళ్లు.

జీటీవో పుట్టుకే ఒక దొడ్డిదారి కథ. మధ్యరకం బండ్లలో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ పెద్దల ఆంక్ష. ఆ కంపెనీలోని పాంటియాక్ విభాగానికి అప్పటి చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన మనుషులూ కలిసి 1964లో ఒక ఎత్తు వేశారు. 389 ఘనపుటంగుళాల ఇంజనుని కొత్త మోడలుగా కాకుండా టెంపెస్ట్ లెమాన్స్ మీద తీసుకునే అదనపు సామానుగా రాసేశారు. కొత్త మోడలైతే పైవాళ్ల అనుమతి కావాలి, అదనపు సామానుకి అక్కర్లేదు. మన ఆఫీసుల్లో ఫైలు నడిపించే గుమాస్తాలు కూడా ఇంత తెలివిగా చెయ్యలేరు! దాని మీదే ఇంకా డబ్బు పెట్టగలిగినవాడికి ట్రై-పవర్, అంటే వరసగా మూడు రోచెస్టర్ కార్బొరేటర్లు. ఒక్కోదానికి రెండేసి గొంతులు. 1964లో 348 హార్స్‌పవర్, మరుసటేడు 360.

మూడుంటే మూడూ ఒకేసారి పనిచేస్తాయనుకుంటారు. కాదు. నడిమిది ఇంటి పెద్దకోడలు, రోజూ చాకిరీ అంతా దానిదే. ముందూ వెనకా ఉన్నవి రెండూ పండక్కొచ్చే ఆడపడుచులు. చోక్ కూడా నడిమిదానికే. ఊళ్లో నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ పక్కవాటి లోపలి రేకులు మూసుకునే ఉంటాయి. పెడలు బాగా కిందికి తొక్కితేనే అవి తెరుచుకుంటాయి. ఎప్పుడు తెరుచుకోవాలో తేల్చేది ఆ రాడ్డే. దానికి ఒక పొడుగాటి గాడి ఉంటుంది. నడిమి లివరు సగం దూరం కదిలేదాకా పిన్ను ఆ గాడిలో ఊరికే జారుతుంది. గాడి చివర తగిలాక అప్పుడు పక్కవాటిని లాగుతుంది. చేత్తో గేర్లు మార్చే బండ్లకి ఈ రాడ్డు, ఆటోమేటిక్ బండ్లకి వాక్యూమ్‌తో పనిచేసే ఏర్పాటు. పెద్దాడా, నువ్వు చూసిన బండి నాలుగు గేర్లదని అన్నావు కనక అడుగుతున్నాను.

"మూడూ ఒకేసారి తెరిస్తే ఇంకా జోరుగా పోదా తాతయ్యా?"

అందరూ అడిగే ప్రశ్నే అమ్మలూ. పోదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది పీల్చే గాలి కొంచెమే. ఆ కొంచెం గాలికి ఆరు గొంతులూ ఒక్కసారి తెరిస్తే ఎక్కడా వేగం ఉండదు. గాలికి వేగం లేకపోతే పెట్రోలుని లాక్కోలేదు. బండి ముందుకి దూకాల్సింది పోయి ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. పందెంలో ఆ ఒక్క క్షణమే చాలు ఓడిపోవడానికి.

క్రైస్లర్ వాళ్లు కూడా ఇదే పాఠాన్ని రెండు రకాలుగా రాశారు. 1966 నుంచి 1971 దాకా అమ్మిన 426 హెమీ ఇంజనుకి ఒకదాని వెనక ఒకటిగా రెండు కార్టర్ కార్బొరేటర్లు, ఒక్కోదానికి నాలుగు గొంతులు. వెనకది ముందు పనిలోకి దిగుతుంది, ముందుది తరవాత అందుకుంటుంది. ఇక 1969 మధ్యలో వచ్చిన 440 సిక్స్ ప్యాక్ ఉంది చూశారూ, దానికి మూడు హోలీ కార్బొరేటర్లు, 390 హార్స్‌పవర్. ప్లిమత్ వాళ్లు దాన్నే సిక్స్ బ్యారెల్ అన్నారు. ఇందులో పక్క కార్బొరేటర్లకి రాడ్డు లేదు, ఇంజను అవసరాన్నిబట్టి వాక్యూమే వాటిని తెరుస్తుంది. కుర్రాళ్లకి అది నచ్చలేదు. "నా కాలు చెప్పినట్టు వినాలి గానీ ఇంజనుకి నచ్చినప్పుడు తెరుచుకోవడమేంటి" అని కంపెనీ సామాను ఊడదీయించి బయట అమ్మే రాడ్లు వేయించుకునేవాళ్లు. ఆ తరవాత బండి మూలుగుతోందని వాళ్లే మళ్లీ వచ్చేవాళ్లు. అప్పటికి ఊడదీసిన సామాను పాత ఇనుములోకి పోయేది.

గారేజీలో మా పెద్దాయన ఒక పని ప్రతి బండికీ చేయించేవాడు. ఊపు లేదని ఎవరొచ్చినా ముందు స్పానరు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకణ్ణి లోపల కూర్చోబెట్టి పెడలు నేలకి తొక్కించి, పైనించి నన్ను కార్బొరేటర్ గొంతులోకి చూడమనేవాడు. రేకు నిటారుగా నిలబడాలి. చాలా బండ్లలో నిలబడేది కాదు! బుష్షులు అరిగి, పిన్నుల దగ్గర ఆట వచ్చి, ఒక్కోసారి కాలికింద మందంగా పరిచిన చాప అడ్డొచ్చి, పెడలు పూర్తిగా తొక్కినా రేకు ముప్పాతికే తెరుచుకునేది. అన్నేళ్లూ ఆ మనిషి తను కొన్న శక్తిలో కొంత వాడుకోనేలేదన్నమాట. ఒక బుష్షు, ఒక కాటర్ పిన్ను, నాలుగు చుట్లు తిప్పి సరిచేసిన రాడ్డు. అంతే రిపేరు.

చిన్నోడా, నిద్రపోకు, అసలు భయపెట్టే సంగతి ఇప్పుడొస్తుంది.

1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవర్లేలని వెనక్కి పిలిచింది. అప్పటికి అంత పెద్ద రీకాల్ ఎవరూ వినలేదు. తప్పు కార్బొరేటర్‌ది కాదు, ఇంజను కింద రబ్బరు మౌంటింగులది. ఆ రబ్బరు తెగితే, గట్టిగా తొక్కగానే ఇంజను ఎడమవైపు పైకి లేస్తుంది. ఇంజను లేస్తే పెడలు నుంచి వచ్చే రాడ్డు లాగినట్టవుతుంది. కాలు తీసినా బండి పరుగు ఆగదు. కంపెనీ ఇచ్చిన మందు ఏమిటంటే, ఇంజను మరీ ఎగరకుండా పట్టుకునే ఒక ఉక్కు కేబులు బిగించడం. రాడ్డు బదులు కేబులుతో నడిచే యాక్సిలరేటర్‌లో ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే కేబులు వంగుతుంది, రాడ్డు వంగదు. తరవాత 1973 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం ఇంకో షరతు పెట్టింది: కాలు తీయగానే రేకు మూసుకోవడానికి కనీసం రెండు ఆధారాలుండాలి, ఒక స్ప్రింగు తెగినా రెండోది పనిచేయాలి. అంతకుముందు చాలా బండ్లు ఒక్క స్ప్రింగు మీద బతికాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇలా రెండు మూడు కార్బొరేటర్లున్న బండ్ల కాలం ఎంతో లేదు. జనరల్ మోటార్స్ 1967కే కార్వెట్ లాంటి ఒకటీ అరా తప్ప మిగతా వాటికి రెండు మూడు కార్బొరేటర్లు పెట్టడం మానేసింది. జీటీవోకి ట్రై-పవర్ పోయి ఒక్క క్వాడ్రాజెట్ వచ్చింది. నా లెక్కలో అది మంచి కార్బొరేటరే, తిట్టేవాళ్లకి దాన్ని సరిచేయడం రాదు. తరవాత పొగ చట్టాలు, ఇన్సూరెన్సు మోత, 1973 చివర పెట్రోలు కరువు. పాత బండి కొన్న ప్రతివాడూ మూడు కార్బొరేటర్లని సరిచేసుకోలేక పీకేసి ఒకటి పెట్టుకున్నాడు. కార్బొరేటర్లు బరువైన వస్తువులు గనక షెడ్డులో అటక మీద పడేశాడు. రాడ్లు మాత్రం చెత్తలోకి.

ఇవాళ తిప్పలన్నీ అక్కడినుంచే. కార్బొరేటర్ మీద నంబరు ఉంటుంది. హోలీ అయితే పైన చోక్ దగ్గర కొట్టి ఉంటుంది, కార్టర్ అయితే స్క్రూ కింద చిన్న రేకు బిళ్ల. దాన్నిబట్టి ఏ బండిదో చెప్పొచ్చు. వంచిన ఇనప రాడ్డుకి చాలాసార్లు అలాంటిదేమీ ఉండదు. తెలిసినవాడు వంపు చూసి, చివర మర చూసి, పూత చూసి చెప్పాలి. పూత అంటే గుర్తొచ్చింది, కొందరు మహానుభావులు దొరికిన అసలు రాడ్డుకి వెండిరంగు స్ప్రే కొట్టేస్తారు! దాని మీద కాడ్మియమో, బంగారు వన్నె తిరిగే జింకు పూతో ఉంటుంది. మెత్తగా కడిగితే కింద బయటపడుతుంది. గీకితే పోయిందంతే.

కొత్తగా చేసినవి కూడా అమ్ముతున్నారు. నడుస్తాయి, కాదనను. రోజూ తిప్పుకునే బండికైతే అవే మేలంటాను. కానీ అసలు బండేనని ధర అడిగేవాడి దగ్గర అవి చూసి అసలు ధర ఇవ్వకూడదు. పెన్సిల్వేనియాలో హెర్షీ ఊళ్లో ప్రతి అక్టోబరులో పాతకార్ల క్లబ్బు వాళ్ల సంత జరుగుతుంది, 1955 నుంచీ. అక్కడ బల్లల మీద కాదు, బల్లల కిందున్న డబ్బాల్లో వెతకాలి. బేరమాడేటప్పుడు ఏ బండికో చెప్పకు, చెప్తే రేటు పెరుగుతుంది.

సరే, పెద్దాడా, నీ బేరం సంగతి. రాడ్డు గురించి అడుగు. లేదంటే ధర తగ్గించమను. తగ్గించి ఇస్తే కొనుక్కో, వెతకడానికి నేను తోడొస్తాను. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తున్నా. బండి ఇంటికొచ్చాక, అందరికీ చూపించకముందే, రెండో స్ప్రింగు బిగించు. పోటీల జడ్జీలు అది అసలుది కాదని మార్కులు తగ్గిస్తే తగ్గించనీ.

నీ స్నేహితుడి దగ్గర ఆటోమేటిక్ డాడ్జ్ ఉందన్నావు కదా, వాడికీ ఒక మాట చెప్పు. ఆ టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్సుకి కార్బొరేటర్ నుంచి ఒక కిక్‌డౌన్ రాడ్డు దిగుతుంది. కాలు ఎంత తొక్కావో గేర్‌బాక్సుకి చెప్పేది అదే, లోపలి నూనె ఒత్తిడి దాన్నిబట్టే పెరుగుతుంది. కార్బొరేటర్ మార్చినప్పుడు ఆ రాడ్డు కుదరలేదని వైరుతో పక్కకి కట్టేసిన బండ్లు బోలెడు చూశాను. అలా నడిపితే లోపల క్లచ్చులు జారి కాలిపోతాయి. రాడ్డు బిగించి సరిచేసేదాకా ఆ బండిని గేరులో వెయ్యొద్దని చెప్పు.