కంప్యూటర్‌తోపాటే వచ్చిన కాపలా

‘జోషీ’ పట్టిన కంప్యూటరును జనవరి 5న ఆన్ చేస్తే ఏ పనీ సాగేది కాదు. ‘హ్యాపీ బర్త్‌డే జోషీ’ అని టైపు చెయ్యమంటూ తెర మీద ఒక వాక్యం ప్రత్యక్షమయ్యేది. అడిగినట్టు టైపు చేస్తే మిషన్ బుద్ధిగా పనిలో పడేది, చెయ్యకపోతే అక్కడే మొరాయించేది. 1990 జూన్‌లో మన దేశంలో బయటపడ్డ ఈ వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టార్‌లో మకాం పెట్టి ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగింది. తర్వాత వచ్చినవాటితో పోలిస్తే పాపం సాధుప్రాణి. ఏడాదికి ఒక్కరోజు శుభాకాంక్షలు అందుకుంటే దానికి చాలు.

అప్పటికి వైరస్‌ల వయసు కూడా తక్కువే. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ను పీసీలకు తగులుకున్న తొలి వైరస్‌గా చెబుతారు. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగకాపీ చేసేవాళ్లను పట్టుకోవడానికే రాశామన్నది వాళ్ల వాదన. మరుసటి ఏడాదే అమెరికాలో జాన్ మెకాఫీ యాంటీవైరస్ వ్యాపారం మొదలుపెట్టాడు. 1992 మార్చి 6న ‘మైకెలాంజిలో’ వైరస్ 50 లక్షల కంప్యూటర్లను తుడిచిపెట్టవచ్చన్న ఆయన అంచనా పత్రికలకు ఎక్కింది. ఆ రోజు దెబ్బతిన్నవి వేలల్లోనే. అంచనా తప్పినా యాంటీవైరస్‌లు మాత్రం వేడివేడిగా అమ్ముడుపోయాయి. మెకాఫీ కంపెనీ ఆ ఏడాదే షేర్ మార్కెట్‌కు వెళ్లింది.

కంప్యూటర్‌తోపాటే యాంటీవైరస్ ఇచ్చేస్తే పోలేదా అన్న ఆలోచన మైక్రోసాఫ్ట్‌కు 1993లోనే వచ్చింది. ఆ ఏడాది విడుదలైన ఎంఎస్-డాస్ 6లో ‘మైక్రోసాఫ్ట్ యాంటీ-వైరస్’ అనే ప్రోగ్రాం ఉంది. సొంత సరుకు కాదు, సెంట్రల్ పాయింట్ అనే కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని కలిపింది. వెయ్యికి పైగా వైరస్‌లను గుర్తుపట్టేది. చిక్కల్లా ఆ జాబితా పెట్టెలోంచి బయటికొచ్చిన రోజు నుంచే పాతబడటం. కొత్త జాబితా కావాలంటే విడిగా తెప్పించుకోవాలి. మన దగ్గర మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మడం వీఎస్‌ఎన్‌ఎల్ మొదలుపెట్టిందే 1995 ఆగస్టు 15న. ఇక తెప్పించుకునేదెవరు? విండోస్ 95 వచ్చేసరికి ఆ యాంటీవైరస్‌ను చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టేశారు.

ఆ ఖాళీలోనే పుణెలో ఒక వ్యాపారం లేచింది. క్యాలిక్యులేటర్లు, రేడియోలు రిపేరు చేస్తూ బతుకు మొదలుపెట్టిన కైలాస్ కాట్కర్, కంప్యూటర్ సైన్స్ చదువుతున్న తమ్ముడు సంజయ్ చేత వైరస్‌లకు విరుగుడు రాయించాడు. రిపేరుకొచ్చే మిషన్లకు ఉన్న జబ్బేమిటో ఆయనకు రోజూ కనబడేదే కదా. అదే క్విక్ హీల్. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ లాంటి చోట అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకున్నవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. క్విక్ హీల్ లాంటి కంపెనీలకు పెద్ద బలం ప్రోగ్రాం ఒక్కటే కాదు, దాన్ని అమ్మిన మనిషి ఊళ్లోనే ఉండటం కూడా. నెట్ లేని ఇంటికి అప్‌డేట్ ఫైలు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో వచ్చేది. రెన్యువల్‌కు అతనే గుర్తుచేసేవాడు, వైరస్ వస్తే ఫార్మాట్ కొట్టడానికీ అతనే వచ్చేవాడు. అమెరికాలోని రెడ్మండ్‌లో కూర్చున్న మైక్రోసాఫ్ట్‌కు ఆ పని చేతకాదు.

మైక్రోసాఫ్ట్‌ను మళ్లీ యాంటీవైరస్‌ల దారి పట్టించింది వరసగా తగిలిన దెబ్బలు. 1999 ఏప్రిల్ 26న ‘చెర్నోబిల్’ వైరస్ హార్డ్ డిస్కులతోపాటు కొన్ని మిషన్లలో మదర్‌బోర్డు మీది బయోస్‌నూ చెరిపేసింది. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే ఈమెయిల్ ప్రపంచాన్ని చుట్టేసింది. 2002 జనవరిలో బిల్ గేట్స్, కొత్త హంగుల కన్నా భద్రతే ముందని ఉద్యోగులందరికీ లేఖ రాశాడు. అయినా 2003 ఆగస్టులో ‘బ్లాస్టర్’ వచ్చింది. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేదు, విండోస్ ఎక్స్‌పీ మిషన్‌ను నెట్‌కు తగిలిస్తే చాలు. సిస్టమ్ ఆగిపోతోందని ఒక డబ్బా తెర మీదికి వచ్చి, అందులో 60 సెకన్ల నుంచి వెనక్కి లెక్క నడిచేది. సున్నా కాగానే రీస్టార్ట్. విరుగుడు డౌన్‌లోడ్ చేద్దామన్నా ఆ నిమిషంలో అయ్యేది కాదు. విచిత్రమేమిటంటే ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ జులైలోనే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లే తక్కువ.

2003లో రొమేనియాకు చెందిన గీక్యాడ్ నుంచి యాంటీవైరస్ పరిజ్ఞానాన్ని, 2004 చివర్లో జెయింట్ అనే యాంటీస్పైవేర్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది. చేతిలో సరుకంతా ఉంది. విండోస్‌లో కలిపి ఊరికే ఇవ్వడానికి అడ్డేమిటి? బ్రౌజర్‌ను విండోస్‌తో కలిపిచ్చినందుకు అమెరికా ప్రభుత్వం కోర్టుకు ఈడ్చిన సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. విండోస్ విస్టా రాబోతుంటే 2006లో మెకాఫీ కంపెనీ ఫైనాన్షియల్ టైమ్స్‌లో పేజీ నిండా ప్రకటన వేసి మరీ మైక్రోసాఫ్ట్‌ను దుయ్యబట్టింది. మైక్రోసాఫ్ట్ మధ్యేమార్గం పట్టింది. విస్టాలో ఉచితంగా వచ్చిన ‘విండోస్ డిఫెండర్’ స్పైవేర్‌ను పట్టేదే తప్ప వైరస్‌ల జోలికి పోయేది కాదు. వైరస్‌లకు విడిగా ‘వన్‌కేర్’, ఏడాదికి 49.95 డాలర్లు. ఒక రకంగా ఇది ఇల్లు అమ్మినవాడే తలుపుకు తాళం విడిగా అమ్మడం. పైగా ఆ తాళం గట్టిదీ కాదు. 2007 మొదట్లో జరిగిన ఏవీ-కంపారెటివ్స్ పరీక్షలో వన్‌కేర్ అందరికన్నా వెనక నిలిచింది. 2009లో దాన్ని మూసేశారు.

ఆ ఏడాది సెప్టెంబరులోనే ‘సెక్యూరిటీ ఎసెన్షియల్స్’ ఉచితంగా వచ్చింది. బరువు తక్కువ, గోల తక్కువ. అయితే ఒక మెలిక ఉంది: విండోస్ అసలుదైతేనే అది ఎక్కుతుంది. మన ఇళ్లలో ఉన్నవేమో ఎక్కువ భాగం పైరేటెడ్ సీడీతో వేయించుకున్న ఎక్స్‌పీలు. దొంగ విండోస్ దొరికిపోతుందేమోనని అప్‌డేట్లు ఆపేయడం ఆ రోజుల్లో ఓఎస్ వేసే కుర్రాళ్లకు అలవాటు. అంటే రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఉచిత యాంటీవైరస్ అందలేదు, ప్యాచ్‌లూ అందలేదు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకొచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఇంట్లో పెడితే ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ‘న్యూ ఫోల్డర్’ అనే ప్రోగ్రాం ఎదురయ్యేది. ఫోల్డరే కదా అని డబుల్ క్లిక్ చేస్తే కథ ముగిసినట్టే.

2012 అక్టోబరులో విండోస్ 8తో అసలు మలుపు వచ్చింది. డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా మారి సిస్టమ్‌లోనే కలిసిపోయింది. మంచి పేరు మాత్రం రాలేదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షల్లో మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ సర్టిఫికెట్ పోగొట్టుకుంది, ఒక దశలో రక్షణ విభాగంలో సున్నా తెచ్చుకుంది. ఇది కనీస రక్షణ మాత్రమే అన్నట్టు కంపెనీ మనుషులే మాట్లాడారు. ‘విండోస్‌తో వచ్చింది దేనికీ పనికిరాదు’ అన్న మాట ఆ రోజుల్లో నిజం. ఇప్పటికీ కంప్యూటర్ షాపుల్లో వినపడే సలహా అప్పటిదే. కాలం మారినా సలహా మారలేదు.

విండోస్ 10తో డిఫెండర్ పని తీరే మారింది. అంతకుముందు ఎక్కడా చూడని ఫైలు ఏదైనా కనిపిస్తే, దాన్ని కాసేపు ఆపి, గుర్తులను మైక్రోసాఫ్ట్ సర్వర్లకు పంపి, అక్కడి నుంచి జవాబు వచ్చాక వదలడమో పట్టడమో చేస్తుంది. అంతా సెకన్ల పని. కోట్ల ఇళ్లలో ఎక్కడో ఒకచోట కనిపించిన కొత్త వైరస్ కబురు మిగతా ఇళ్లకు వెంటనే చేరుతుంది. 1993లో లేనిది సరిగ్గా ఇదే. 2019 మే-జూన్ నాటికి అదే ఏవీ-టెస్ట్ డిఫెండర్‌కు 18కి 18 మార్కులు ఇచ్చింది. ఆలోపే పోటీదారులకు చెమటలు పట్టాయి. తన యాంటీవైరస్‌ను విండోస్ పక్కకు నెట్టేస్తోందని రష్యాకు చెందిన యూజీన్ కాస్పర్‌స్కీ 2016లో గొడవకు దిగి, మైక్రోసాఫ్ట్ కొన్ని మార్పులకు ఒప్పుకున్నాక 2017లో ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

ఆ 2017లోనే ‘వాన్నాక్రై’ వచ్చింది. మే 12న మొదలై ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగిన ఈ రాన్సమ్‌వేర్, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోకీ దూరింది. అది దూరిన సందును మూసే ప్యాచ్ మార్చి 14నే సిద్ధంగా ఉంది. బ్లాస్టర్ నాటి కథే మళ్లీ నడిచింది. ఏ యాంటీవైరస్ వేశారన్న దానికన్నా అప్‌డేట్ వేశారా లేదా అన్నదే ఎక్కువమందిని ముంచింది, ఎక్కువమందిని కాపాడింది.

బయటి యాంటీవైరస్‌ల మీద నమ్మకమూ ఈలోగా సడలింది. ఉచితంగా ఇస్తామన్న అవాస్ట్, తన వినియోగదారులు ఏయే సైట్లు చూస్తున్నారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుందని 2020లో బయటపడింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అదే ఏడాది అమెరికా కాస్పర్‌స్కీ అమ్మకాలను నిషేధించింది.

ఈ చరిత్రంతా చూశాక, అప్‌డేట్లు వేసుకుంటున్న విండోస్ 11 ఇంటి కంప్యూటర్‌కు డబ్బుపెట్టి వేరే యాంటీవైరస్ కొనడం అనవసరమనే చెప్పాలి. ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని ఫొటోలు, కాగితాలు కాపీ చేసి పెట్టుకోవడం మేలు. రాన్సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లను కాపాడే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ డిఫెండర్‌లోనే ఉంది, కాకపోతే సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో డబ్బు గుంజేవాడికి మాత్రం డిఫెండర్ అయినా, వేలు పోసి కొన్నదైనా అడ్డు కాదు. వాడు పంపేది వైరస్ కాదు కదా.

కొత్త చిక్కు పాత ల్యాప్‌టాప్‌లది. విండోస్ 10కు ఉచిత ప్యాచ్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అదనపు అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్లకు ఇంకో ఏడాది గడువు ఇచ్చారు. ప్రాసెసర్ పాతదైతేనో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోతేనో విండోస్ 11కు మారే దారి మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు. డిఫెండర్‌కు మాత్రం విండోస్ 10 మీద కూడా 2028 అక్టోబరు దాకా వైరస్ జాబితాలు పంపుతామని చెప్పింది. 2003లో, 2017లో బ్లాస్టర్, వాన్నాక్రై దూరింది జాబితాలోని లోటు వల్ల కాదు, విండోస్‌లో పూడ్చకుండా వదిలేసిన లోపాల్లోంచి. ఆ లోపాలను పూడ్చేది ప్యాచ్‌లు, డిఫెండర్ జాబితాలు కావు.