కారవాన్‌లో లిథియం బ్యాటరీ: ఫాస్ట్ ఛార్జర్ కొనేముందు తెలుసుకోవాల్సినవి

కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. ఇంజిన్ ఆపేశాక అందులోని ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, నీటి పంపు అన్నీ ‘హౌస్ బ్యాటరీ’ మీదే నడుస్తాయి. అమెరికాలో ఆర్‌వీలుగా పిలిచే ఈ వాహనాల సంస్కృతి మన దేశంలో ఇంకా తొలి దశలోనే ఉంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. సొంతంగా వ్యాన్లను కారవాన్లుగా మార్పించుకునేవారూ ఉన్నారు. వీటిలో పాత లెడ్-యాసిడ్ బ్యాటరీల స్థానంలోకి లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. అయితే బ్యాటరీని మార్చి ఛార్జర్‌ను పాతదే ఉంచడం, లేదా ఎక్కువ ఆంపియర్లుంటే చాలని కొనేయడం ఖరీదైన పొరపాటు అవుతుంది.

లిథియంతో తేడా ఏమిటి?

కారవాన్లలో ఎక్కువగా వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్ఎఫ్‌పీ) రకం. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని 1997లో లోకానికి చెప్పింది జాన్ గుడెనఫ్ బృందం. ఆయనకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఒక్కో సెల్ 3.2 వోల్టులు. నాలుగింటిని వరుసగా కలిపితే 12.8 వోల్టుల బ్యాటరీ అవుతుంది.

లెడ్-యాసిడ్ బ్యాటరీ 80 శాతం నిండాక కరెంటు తీసుకోవడం బాగా తగ్గిస్తుంది. మిగతా 20 శాతానికి గంటలు పడుతుంది. ఎల్ఎఫ్‌పీ మాత్రం దాదాపు నిండేదాకా పూర్తి కరెంటును తీసుకుంటుంది. ఫాస్ట్ ఛార్జింగ్ సాధ్యమయ్యేది ఈ గుణం వల్లే. సమస్య కూడా ఇక్కడే మొదలవుతుంది. ఎంత ఇస్తే అంత లాగే బ్యాటరీ ఛార్జర్‌పైనా, వైర్లపైనా, ఆల్టర్నేటర్‌పైనా గంటల తరబడి పూర్తి భారం మోపుతుంది.

ఎన్ని ఆంపియర్లు?

ముందుగా చూడాల్సింది బ్యాటరీ తయారీదారు ఇచ్చిన పరిమితి. చాలా ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలకు సామర్థ్యంలో సగం మేర కరెంటును సిఫార్సు చేస్తారు. అంటే 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 50 ఆంపియర్లు, 200కు 100 ఆంపియర్లు. కొన్నింటికి ఈ పరిమితి ఇంకా తక్కువ ఉంటుంది.

200 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 80 శాతం వాడేశారనుకుందాం. నింపాల్సింది 160. 20 ఆంపియర్ల ఛార్జర్‌కు 8 గంటలు పడితే, 50 ఆంపియర్లదానికి మూడుంపావు గంటలు చాలు. రాత్రంతా కరెంటు దొరికే చోట ఆగేవారికి చిన్న ఛార్జర్ సరిపోతుంది. జనరేటర్‌ను తక్కువసేపే నడపాలనుకునేవారికే పెద్దది అవసరం.

తర్వాత చూడాల్సింది ప్లగ్ పాయింట్. 14.4 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్, నష్టాలతో కలిపి సుమారు 800 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది మూడున్నర ఆంపియర్లే. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ చాలు. 100 ఆంపియర్ల ఛార్జర్‌కు దాదాపు 1,600 వాట్లు, అంటే 7 ఆంపియర్లు కావాలి. దానికి 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి. ఒక కేవీఏ జనరేటర్ దీన్ని మోయలేదు. అమెరికాలో 120 వోల్టులే కాబట్టి, అక్కడ ఇదే ఛార్జర్ 13 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 15 ఆంపియర్ల సర్క్యూట్‌పై గంటల తరబడి అంత లోడు తగదు.

సెట్టింగుల్లో జాగ్రత్త

ఛార్జర్‌లో ఎల్ఎఫ్‌పీకి ప్రత్యేక మోడ్ ఉండాలి. సాధారణంగా ఛార్జింగ్ వోల్టేజీ 14.2 నుంచి 14.6 మధ్య ఉంటుంది. పాత ఛార్జర్లలోని ‘ఈక్వలైజేషన్’ దశ వోల్టేజీని 15 దాటిస్తుంది. లిథియానికి అది హానికరం. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) అలాంటప్పుడు సరఫరాను కట్ చేస్తుంది కానీ, అది ఆఖరి రక్షణ మాత్రమే. రోజూ దానిమీద ఆధారపడకూడదు. బాగా ఖాళీ అయినప్పుడు బీఎంఎస్ బ్యాటరీని కట్ చేస్తే బయట వోల్టేజీ సున్నా చూపిస్తుంది. అప్పుడు కొన్ని ఛార్జర్లు బ్యాటరీ లేదనుకుని పనిచేయవు. దాన్ని తిరిగి మేల్కొలిపే సదుపాయం ఉన్న ఛార్జర్‌ను ఎంచుకోవడం మేలు.

చలి, ఎండ

సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఎల్ఎఫ్‌పీని ఛార్జ్ చేయకూడదు. లిథియం లోహంగా మారి లోపలి ఎలక్ట్రోడ్‌పై పేరుకుంటుంది. దానివల్ల తగ్గిన సామర్థ్యం తిరిగి రాదు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. చలికాలంలో లద్దాఖ్ వెళ్లేవారికి తక్కువ ఉష్ణోగ్రతలో ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ గానీ, హీటర్ ఉన్న బ్యాటరీ గానీ ఉండాలి. మరోవైపు చాలా బ్యాటరీలకు ఛార్జింగ్ గరిష్ఠ పరిమితి 45 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మే నెలలో రాయలసీమలోనో తెలంగాణలోనో ఎండలో నిలిపిన వ్యాన్ లోపల ఆ వేడి మామూలే. అలాంటప్పుడు కాస్త చల్లబడ్డాకే ఛార్జింగ్ పెట్టాలి. ఛార్జర్‌కూ గాలి ఆడే చోటు ఉండాలి.

ప్రయాణంలో ఛార్జింగ్

ఆల్టర్నేటర్ నుంచి నేరుగా లిథియం బ్యాటరీకి వైరు లాగకూడదు. తక్కువ వేగంలో, ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్‌కు చల్లదనం తక్కువ. ఆ స్థితిలో పూర్తి లోడు పడితే కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును అదుపు చేసే డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. అవసరాన్ని బట్టి వోల్టేజీని మార్చే కొత్త తరం ఆల్టర్నేటర్లున్న వాహనాలకు ఇది మరింత ముఖ్యం.

వైరు మందం, ఫ్యూజు విషయంలో పొదుపు పనికిరాదు. సన్నటి వైరు వేడెక్కుతుంది. వోల్టేజీని కొంత మింగేసి ఛార్జింగ్‌ను నెమ్మదింపజేస్తుంది కూడా. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. షార్ట్ సర్క్యూట్ అయితే వేల ఆంపియర్లు ప్రవహించేది బ్యాటరీ నుంచే.

వాడనప్పుడు

నెలల తరబడి వాహనాన్ని నిలిపి ఉంచాల్సి వస్తే బ్యాటరీని 50 శాతం ప్రాంతంలో ఉంచి, లోడ్లన్నీ తీసేయాలి. నిత్యం 100 శాతం దగ్గర ఫ్లోట్ ఛార్జింగ్‌లో ఉంచడం అవసరం లేదు. వాడకంలో ఉన్నప్పుడు మాత్రం అప్పుడప్పుడు పూర్తిగా నింపాలి. చాలా బీఎంఎస్‌లు సెల్స్ మధ్య తేడాలను సరిచేసేది చివరి దశలోనే. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో అంచనా వేయడం ఎల్ఎఫ్‌పీలో కుదరదు. చాలాభాగం అది దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన కరెంటును లెక్కించే షంట్ మీటర్ పెట్టుకుంటే లెక్క తేలుతుంది.

ఛార్జర్ పెట్టెపై ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నా, బ్యాటరీ పరిమితి, విద్యుత్ సరఫరా, వైరింగ్ ఈ మూడింటిలో ఏది తక్కువైతే వేగం అంతవరకే. కొనేముందు ఈ మూడు అంకెలూ కాగితంపై రాసుకుని, వాటిలో చిన్నదానికి తగిన ఛార్జర్‌ను ఎంచుకోవాలి.